కాలేజీలో గంజాయి తాగిన సంగతి అమెరికా ప్రభుత్వానికి చెప్పాలా?

వర్జీనియాలో 2021 జులై 1 నుంచి, మేరీలాండ్‌లో 2023 జులై 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు కొద్దిపాటి గంజాయి దగ్గర పెట్టుకుంటే నేరం కాదు. వాషింగ్టన్ డీసీలో అయితే 2015లోనే ఆ ముచ్చట తీరిపోయింది. తమాషా ఏంటంటే సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూడటానికి ఇచ్చే అనుమతి) కావాల్సిన ఉద్యోగాలు గుట్టలుగా ఉండేది కూడా సరిగ్గా ఇక్కడే. రక్షణ శాఖ ఆఫీసు పెంటగాన్, నిఘా సంస్థలు సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ అన్నీ ఈ చుట్టుపక్కలే, వాటిని అంటిపెట్టుకుని బతికే కాంట్రాక్టు కంపెనీలూ ఇక్కడే. మేరీలాండ్‌లో దుకాణంవాడు రసీదు ఇచ్చి మరీ అమ్మే సరుకు, దాన్ని కొన్నది ఎన్‌ఎస్‌ఏ ఉద్యోగి అయితే ఉద్యోగానికే ఎసరు పెట్టే సరుకు. ఎందుకంటే క్లియరెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ గంజాయిని తీసుకెళ్లి హెరాయిన్ పక్కన కూర్చోబెట్టింది. దాన్ని ఆ వరసలోంచి కిందికి దించే కసరత్తు కొన్నేళ్లుగా నడుస్తోంది గానీ, దించినా డాక్టరు చీటీ లేకుండా సరదాకి తాగితే ఫెడరల్ చట్టం కింద తప్పే అవుతుంది.

తెలుగువాళ్లకి దీంతో ఏం పని అనిపించొచ్చు. హెచ్‌1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నంతకాలం పెద్దగా పని లేదు, క్లియరెన్స్ మామూలుగా పౌరులకే ఇస్తారు. కానీ 1990ల చివర్లోనూ 2000ల్లోనూ వెళ్లినవాళ్లలో చాలామంది ఇప్పుడు పౌరులు, వాళ్ల పిల్లలు అక్కడే పుట్టి, డిగ్రీలు ముగించి ఉద్యోగాల్లోకి వస్తున్నారు. వర్జీనియాలో యాష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిలీ వైపు ఐటీ ఉద్యోగం వెతికితే ‘క్లియరెన్స్ ఉండాలి, లేదా తెచ్చుకోగలిగి ఉండాలి’ అన్న లైను తగలకుండా ఉండదు. ఆ రెండో ముక్క దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. కాలేజీలో నాలుగుసార్లు గంజాయి తాగిన కుర్రాడు, అమ్మానాన్నలకే చెప్పని సంగతి ప్రభుత్వానికి రాసివ్వాలా అని తల పట్టుకుంటాడు. ఎవరి పిల్లాడైనా దారి తప్పితే ‘తులసివనంలో గంజాయి మొక్క’ అని తేలిగ్గా అనేసే ఇళ్లలో పెరిగిన పిల్లలకి ఈ ప్రశ్న ఇంకాస్త బరువు.

రాసివ్వాలి. ఎందుకు రాసివ్వాలో, రాసిస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో చూద్దాం.

క్లియరెన్స్‌లో మూడు మెట్లు: కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. నిఘా సమాచారం చూడాలంటే వీటి మీద ఎస్‌సీఐ అని ఇంకో అనుమతి కావాలి. ఎవరికి వాళ్లు వెళ్లి అప్లై చేసుకునేది కాదు, ఉద్యోగం ఇచ్చే కంపెనీయో ప్రభుత్వ శాఖో స్పాన్సర్ చేయాలి. అప్పుడు ఎస్‌ఎఫ్-86 అనే ఫారం చేతికొస్తుంది. వంద పేజీలు దాటిన ప్రశ్నావళి అది. పదేళ్ల చిరునామాలు, పదేళ్ల ఉద్యోగాలు, విదేశాల్లో చుట్టాలు, అప్పులు, పోలీసు కేసులు, డ్రగ్స్, మందు, అన్నీ అడుగుతారు. వచ్చిన జవాబుల్ని బేరీజు వేయడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్నది సెక్యూరిటీ ఎగ్జిక్యూటివ్ ఏజెంట్ డైరెక్టివ్ 4. అందులో ఎ నుంచి ఎం దాకా 13 గైడ్‌లైన్లు. డ్రగ్స్ సంగతి గైడ్‌లైన్ హెచ్, మందు సంగతి జి, క్రిమినల్ ప్రవర్తన జె. మనిషి నిజాయితీని, నడవడికను చూసేది ఇ, పర్సనల్ కాండక్ట్ అంటారు. ఎక్కువమంది హెచ్ చూసి భయపడతారు, కానీ కొంప ముంచేది మాత్రం ఇ.

డ్రగ్స్ ప్రశ్నలు ఫారంలో సెక్షన్ 23లో ఉంటాయి. గత ఏడేళ్లలో వాడారా అని అడిగి, అవునంటే వదిలిపెట్టరు. ఏది వాడారు, మొదటిసారి ఏ నెల ఏ సంవత్సరం, ఆఖరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎలాంటి సందర్భంలో, ముందు ముందు వాడే ఉద్దేశం ఉందా, లేకపోతే ఎందుకు లేదు. ఈ చివరి ప్రశ్నకి కొందరు ‘ఏమో, చట్టబద్ధమైతే చూస్తాను’ అని తెలివిగా రాస్తారు. అంతకన్నా తెలివితక్కువ జవాబు ఇంకోటి లేదు. వాడకం కొనసాగిస్తానని చెప్పడం, మానేస్తానని స్పష్టంగా చెప్పకపోవడం గైడ్‌లైన్ హెచ్‌లో విడిగా ఒక అభ్యంతరం. పాత పాపం మీద ఏళ్లు గడిస్తే దుమ్ము పడుతుంది, రేపటి పాపానికి ఆ సదుపాయం లేదు. ఇంకో సంగతి, క్లియరెన్స్ చేతిలో ఉన్నప్పుడు వాడారా అన్న ప్రశ్నకి ఏడేళ్ల గడువు లేదు, ‘ఎప్పుడైనా’ అని ఉంటుంది.

ఇదే సెక్షన్‌లో చాలామంది చూసీ చూడనట్టు దాటేసే వాక్యం ఒకటుంది. డ్రగ్స్ వాడకం గురించి ఇక్కడ నిజంగా ఇచ్చిన జవాబుల్ని మీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ప్రభుత్వమే రాసిచ్చిన మాట అది. అంటే ఒప్పుకుంటే జైలు లేదు, మహా అయితే క్లియరెన్స్ రాకపోవచ్చు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది వేరే నేరం, ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు. జైలుకి పంపడం అరుదే అనుకోండి, లెక్క మాత్రం ఎటు మొగ్గుతోందో చూడండి.

ఒప్పుకున్నవాళ్ల సంగతికి వద్దాం. గైడ్‌లైన్ హెచ్ ప్రకారం డ్రగ్స్ వాడకం ఏదైనా అభ్యంతరమే, కానీ ఆ వెంటనే దాన్ని తేలిక చేసే అంశాలూ అదే కాగితంలో ఉన్నాయి. చాలాకాలం కిందటిది, అరుదుగా జరిగింది, మళ్లీ జరిగే పరిస్థితులు లేవు అంటే ఒక మాట. ఒప్పుకుని, మానేసి, ఆ స్నేహాలు వదిలేసి, మళ్లీ వాడితే క్లియరెన్స్ రద్దు చేసుకోండని సంతకం పెట్టి ఇస్తే ఇంకో మాట. చికిత్స పూర్తి చేసుకుని, అర్హత ఉన్న వైద్య నిపుణుల నుంచి భరోసా తెచ్చుకోవడం మరోటి. ఎన్నాళ్లు మానేస్తే చాలు అన్నదానికి రాసిపెట్టిన గీత ఏదీ లేదు, అందుకే ‘ఏడాది ఆగితే చాలట’ అని ఒకరు, ‘మూడేళ్లట’ అని ఇంకొకరు చెబుతుంటారు. ఆ అంకెలు కొన్ని సంస్థలు ఉద్యోగానికి పెట్టుకున్న సొంత షరతులు. ఎఫ్‌బీఐనే చూడండి, గంజాయికి మూడేళ్ల గడువు పెట్టుకున్నది 2021లో ఏడాదికి తగ్గించుకుంది, మిగతా డ్రగ్స్‌కి పదేళ్లు అలాగే ఉంచింది. సైబర్ నేరగాళ్లతో తలపడే కుర్రాళ్లు కావాలంటే వాళ్లలో కొందరు ఇంటర్వ్యూకి వచ్చే దారిలో కూడా గంజాయి తాగుతామంటున్నారని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ 2014లోనే వాపోయారు.

2021 డిసెంబరులో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఏవ్రిల్ హెయిన్స్ ఇచ్చిన మెమో ఈ విషయంలో బాగా ఉపయోగపడింది. గతంలో సరదాకి గంజాయి వాడిన సంగతి లెక్కలోకి వస్తుంది, కానీ దాని ఒక్కదానితోనే ఫలితం తేలిపోదు అని అందులో చెప్పారు. ఫారం మీద సంతకం పెట్టిన దగ్గర్నుంచీ మాత్రం ముట్టుకోవద్దన్నారు. గంజాయి కంపెనీల షేర్లు తెలిసి నేరుగా కొన్నా అభ్యంతరం రావొచ్చని కూడా ఉంది. షేర్లంటే చెవి కోసుకునే మనవాళ్లు ఆ లైను రెండుసార్లు చదవడం మంచిది.

ఇక మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది అడెరాల్, ఏకాగ్రత కుదరనివాళ్లకి డాక్టర్లు రాసే మాత్ర. పరీక్షల ముందు రాత్రి రూమ్మేట్ దగ్గర ఒక మాత్ర తీసుకుని తెల్లారేదాకా చదవడం అమెరికా కాలేజీల్లో టీ తాగినంత మామూలు. అది తాగుడూ కాదు దమ్మూ కాదు, పైగా చదువు కోసం, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ ఇంకొకరి పేరు మీద డాక్టరు రాసిన మందు మింగడం ఈ ఫారం దృష్టిలో మందుల దుర్వినియోగం, దానికి విడిగా ప్రశ్న ఉంది. గంజాయి సంగతి నిజాయితీగా రాసి ఇది మాత్రం డ్రగ్ అనే తట్టక వదిలేసినవాళ్లు తర్వాత ఇంటర్వ్యూలో ఇరుక్కుంటారు. హైదరాబాద్ వచ్చినప్పుడు వాడినది లెక్కలోకి రాదనుకోవడం కూడా అలాంటిదే. ఏ దేశంలో వాడారన్నదాన్ని బట్టి జవాబు మారదు, హోలీకి తాగిన భంగులో ఉన్నదీ గంజాయి మొక్కే.

అబద్ధం ఎక్కడ బయటపడుతుంది? ఇరుగుపొరుగు చెప్పొచ్చు, పాత రూమ్మేట్ చెప్పొచ్చు, విచారణాధికారులు వాళ్ల ఇళ్లకి కూడా వెళ్తారు. కానీ ఎక్కువగా కనిపించే కథ వేరు. రక్షణ కాంట్రాక్టర్ల అప్పీళ్లు వినే సంస్థ ఒకటుంది, డోహా అంటారు (ఖతార్ డోహా కాదు, డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్). దాని తీర్పులు పేర్లు తీసేసి ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారు. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే వరస ఇలా ఉంటుంది. ఒకతను సీక్రెట్ క్లియరెన్స్ కోసం ఫారం నింపుతూ డ్రగ్స్ దగ్గర ‘లేదు’ అని కొడతాడు. ఎవరూ పట్టుకోరు, క్లియరెన్స్ వస్తుంది, నాలుగేళ్లు బుద్ధిగా పనిచేస్తాడు. మంచి ఉద్యోగం తగులుతుంది, దానికి పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్ష ఉంటుంది. యంత్రం ముందు కూర్చోగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్నీ కక్కేస్తాడు. ఆ సంస్థ కొత్త ఉద్యోగం ఇవ్వదు సరికదా, సంగతి పాత చోటికి పంపుతుంది. ఉన్న క్లియరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది. అప్పుడు వచ్చే అభియోగాల్లో గంజాయి పక్కకి జరిగి మొదటి ఫారంలోని ‘లేదు’ ముందుకొస్తుంది. గంజాయి ఏడెనిమిదేళ్ల కిందటిది, దాన్ని కాలమే మాఫీ చేసి ఉండేది. సంతకం పెట్టి చెప్పిన అబద్ధానికి ఆ మాఫీ అంత సులువు కాదు.

దిద్దుకునే దారి లేకపోలేదు. ఎవరూ అడగకముందే, సాక్ష్యం ముందు పెట్టకముందే, తనంతట తాను వెంటనే చెబితే గైడ్‌లైన్ ఇ దాన్ని అనుకూలంగా తీసుకుంటుంది. కాగితాలు టేబుల్ మీద పరిచాక ‘అవునండీ, మర్చిపోయాను’ అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మన దగ్గరా ఇది కొత్తేం కాదు. పోలీసు ఉద్యోగానికి అటెస్టేషన్ ఫారంలో పాత కేసు దాచిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ఇంచుమించు ఇదే దారి పట్టింది. కేసు చిన్నదైతే దాచినా క్షమించే వీలు ఉంచింది, కానీ దాచడాన్నే విడిగా చూసింది.

క్లియరెన్స్ వచ్చాక వాడితే అది పూర్తిగా వేరే కథ. ముందు వాడినవాడు తెలిసీ తెలియని వయసులో చేశాడనుకోవచ్చు, వచ్చాక వాడినవాడు రూల్ తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టి మీరినవాడు. గైడ్‌లైన్ హెచ్‌లో దానికి విడిగా ఒక పేరానే ఉంది, న్యాయమూర్తులు దాన్ని చాలా కటువుగా చూస్తారు. పైగా ఇప్పుడు కొన్నేళ్లకోసారి వచ్చే పునఃపరిశీలన దాకా ఆగక్కర్లేదు. కంటిన్యువస్ వెట్టింగ్ అని, అరెస్టులు, అప్పుల రికార్డులు కంప్యూటరే ఎప్పటికప్పుడు జల్లెడ పడుతుంది. క్లియరెన్స్ ఉన్న ఎలాన్ మస్క్ 2018 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఒక పాడ్‌కాస్ట్‌లో కెమెరా ముందే గంజాయి పీల్చారు, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాదు. తర్వాత తనకీ స్పేస్‌ఎక్స్ ఉద్యోగులకీ ఏడాది పాటు డ్రగ్ టెస్టులు చేశారని ఆయనే చెప్పారు. అంత డబ్బున్న మనిషి, ప్రభుత్వానికి అంత అవసరమైన మనిషి కాబట్టి గట్టెక్కారు గానీ, అదే పని నెల జీతం ఇంజినీరు చేస్తే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. దేశాధ్యక్షుడికీ కాంగ్రెస్ సభ్యులకీ అయితే ఈ ఫారమే ఉండదు, ఎన్నికే వాళ్ల క్లియరెన్స్.

డ్రగ్స్ వదిలేసి మిగతా ప్రవర్తన చూస్తే మనవాళ్లకి దగ్గరగా తగిలేది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. కన్సల్టెన్సీవాళ్లు రెజ్యూమేలో ఐదేళ్లు కలపడం, లేని ప్రాజెక్టులు పెట్టడం, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరు గొంతు ఇవ్వడం, ఇవి అమెరికా తెలుగు ఐటీలో అందరికీ తెలిసిన రహస్యాలు. మామూలు క్లయింట్ దగ్గర ఇవి నడిచిపోవచ్చు. ఎస్‌ఎఫ్-86లో పదేళ్ల ఉద్యోగాలు, ప్రతిదానికీ చిరునామా, సూపర్‌వైజర్ పేరు, ఫోన్ నంబరు రాయాలి. రెజ్యూమేలో ఉన్నది ఫారంలో రాస్తే ప్రభుత్వానికి అబద్ధం చెప్పినట్టు, ఫారంలో నిజం రాస్తే ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి అబద్ధం చెప్పినట్టు బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగంలోంచి తీసేశారా, తీసేస్తామంటే మీరే మానేశారా అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. ‘ఇద్దరం మాట్లాడుకుని విడిపోయాం’ అని రాసినా, పాత ఆఫీసు ఫైల్లో టైమ్‌షీట్‌లో దొంగ గంటలు వేశాడని ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. పోలీసు కేసుల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. తాగి బండి నడిపి పట్టుబడ్డ కేసు కోర్టు కొట్టేసింది, లాయరు రికార్డు మూయించేశాడు, ఇక రాయక్కర్లేదు అనుకుంటారు. ఫారం మాత్రం కొట్టేసినా, మూసేసినా, చెరిపేసినా రాయమంటుంది, మినహాయింపు చాలా చిన్నది. మందుకీ డ్రగ్స్‌కీ సంబంధించిన కేసులకైతే ఏడేళ్ల హద్దు కూడా లేదు.

ఈ గొడవంతా దేనికి, చిన్న చిన్న తప్పులకి ఇంత ఆరా ఎందుకు అంటే ఆరా సరిగ్గా తీయనప్పుడు ఏమైందో కూడా చూడాలి. 2013 సెప్టెంబరు 16న వాషింగ్టన్ నేవీ యార్డులో ఆరన్ అలెక్సిస్ అనే కాంట్రాక్టు ఉద్యోగి 12 మందిని కాల్చి చంపాడు. అతనికి 2008లో ఇచ్చిన సీక్రెట్ క్లియరెన్స్ ఉంది. 2004లో సియాటిల్‌లో ఒకరి కారు టైర్లని తుపాకీతో కాల్చి అరెస్టయ్యాడు, ఆ సంగతి ఫారంలో రాయలేదు. వేలిముద్రల వల్ల అరెస్టు బయటపడింది కూడా. కానీ విచారణ నివేదికలోకి వచ్చేసరికి అది ‘టైర్లలో గాలి తీశాడు’ అయింది. తుపాకీ మాట లేదు. ఒక్క పదం జారిపోతే తుపాకీ కాల్పులు కాలనీ కుర్రాళ్ల అల్లరిగా మారిపోయాయి. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్ కుర్రాడు జాక్ టెషేరా సంగతి ఇంకా విచిత్రం. 2018లో హైస్కూల్లో ఆయుధాల గురించి బెదిరింపు మాటలు మాట్లాడి సస్పెండ్ అయ్యాడు. ఆ కారణంగా పోలీసులు తుపాకీ పర్మిట్ ఇవ్వలేదు. టాప్ సీక్రెట్ క్లియరెన్స్ మాత్రం వచ్చింది, ప్రభుత్వమే నమ్మి ఉద్యోగం ఇచ్చిందని మళ్లీ పెట్టుకున్న పర్మిట్ దరఖాస్తులో రాసుకున్నాడు. రహస్య పత్రాలు డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో పెట్టి 2023లో పట్టుబడ్డాడు, 2024 నవంబరులో 15 ఏళ్ల శిక్ష పడింది. ఈ ఇద్దరిలో ఎవరి కథా గంజాయి కథ కాదు. గంజాయిని లెక్కపెట్టడం తేలిక కాబట్టి దాని మీద పేజీలకు పేజీలు ప్రశ్నలు, కోపాన్నీ కక్షనీ లెక్కపెట్టే గడి ఫారంలో దొరకదు.

క్లియరెన్స్ ఇవ్వడానికి మొగ్గు చూపకపోతే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే కాగితం వస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగి అయితే 20 రోజుల్లో ఒక్కో అభియోగానికీ ఒప్పుకుంటున్నాననో కాదనో జవాబు రాసి, కావాలంటే డోహాలో న్యాయమూర్తి ముందు విచారణ కోరొచ్చు. అక్కడ సినిమా కోర్టు పద్ధతి ఉండదు. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రం గడప దగ్గరే ఆగిపోతుంది. క్లియరెన్స్ మీద ఎవరికీ హక్కు లేదని, సందేహం ఉంటే ఇవ్వకపోవడం వైపే తూగాలని 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఓడిపోతే మళ్లీ అడగడానికి ఏడాది ఆగాలి, ఈలోపు ఆ ఉద్యోగం ఎవరో పట్టుకుపోతారు.

ఇంత చేసేది నీతి కోసమా అంటే, పైకి చెప్పే కారణం అది కాదు. బ్లాక్‌మెయిల్. మీ గురించి ఎవరికీ తెలియని సంగతి పరాయి గూఢచారికి తెలిస్తే, దాన్ని పట్టుకుని మిమ్మల్ని ఆడిస్తాడు. ఈ వాదనకి మంచి చరిత్రేం లేదు. 1953లో ఐజెన్‌హోవర్ ఆర్డర్ తర్వాత స్వలింగ సంపర్కుల్ని వేలమందిని ఇదే మాట చెప్పి ఉద్యోగాల్లోంచి గెంటేశారు, వాళ్లకి ఆ రహస్యం అవసరమయ్యేలా చేసింది ప్రభుత్వమే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. 1995లో క్లింటన్ ఆర్డర్‌తో ఆ వివక్షని కాగితం మీద ఆపారు. గంజాయి కూడా నెమ్మదిగా ఆ దారిలోనే నడుస్తున్నట్టుంది, ఇంకా గమ్యం చేరలేదు, చేరేదాకా పాత లెక్కే.

అందుకే ఇంటర్వ్యూలో విచారణాధికారి ‘ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?’ అని అడుగుతాడు. తెలుగు పిల్లలు చాలామంది నీళ్లు నమిలేది ఇక్కడే. స్నేహితులకి తెలుసు, చెల్లికి తెలుసు, అమ్మానాన్నలకి తెలియదు. అయితే ఎవరైనా వాళ్లకి చెప్పేస్తానని బెదిరిస్తే ఏం చేస్తావు అన్నది తర్వాతి ప్రశ్న. 2015లో బయటపడ్డ ఓపీఎం (ఫెడరల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే సంస్థ) హ్యాకింగ్‌లో ఇలాంటి విచారణ రికార్డులే 2 కోట్ల 15 లక్షల మందివి పోయాయి, దొంగలు చైనావాళ్లని అమెరికా అధికారుల గట్టి అనుమానం. ఆ కాగితాల్లో గంజాయి సంగతి రాసిచ్చినవాళ్లని ఎవరూ ‘మీ ఆఫీసులో చెప్పేస్తాం’ అని బెదిరించలేరు, ఆఫీసుకి ముందే తెలుసు. అమ్మానాన్నలకి చెప్పడమే మిగిలింది, దానికి ఏ ఫారమూ లేదు.